తాత నా ముఖంలో చూసిన సినిమా

టాకీసు బండి మా కొత్తవాడ గల్లీలోకి మలుపు తిరిగిందంటే మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయేవి. జట్కాకు రెండు వైపులా బొమ్మల అట్టలు, ముందు డప్పు, వెనక కరపత్రాలు విసిరే మనిషి. ఎప్పుడూ ఇంతే. కానీ ఆ రోజు వచ్చిన బండి మీద నిజంగానే ఒకడు నిలబడి ఉన్నాడు. తలకు జరీ పాగా, చేతిలో వెండి కాగితం చుట్టిన కర్ర కత్తి. డప్పు మీద దెబ్బ పడ్డప్పుడల్లా కత్తిని గాలిలో గిర్రున తిప్పి "హా!" అని అరిచేవాడు. అరుగు మీద ఆడుకుంటున్న నేను ఆ ఒక్క అరుపుకు ఇంట్లోకి పరుగెత్తి తలుపు చాటున దాక్కున్నాను.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. గల్లీలో నన్ను మించిన పిరికిది లేదని చిన్నా పెద్దా అందరూ ఒప్పుకున్నారు. కోడిని కోస్తుంటే నాలుగిళ్ళ అవతలికి పారిపోయేదాన్ని. నూలు ముంచే గాబులో ఎర్ర రంగు కలిపిన రోజు పెరట్లో అడుగు పెట్టేదాన్ని కాదు. బల్లి గురించి చెప్పనే అక్కర్లేదు.

తలుపు చాటుకు నాకంటే ముందే అమ్మ చేరింది. నన్ను మోచేత్తో పక్కకు జరిపి, సందులో నుంచి ఆ కత్తివాణ్ణి చూస్తోంది. బండి గల్లీ దాటిపోయినా ఆమె కదల్లేదు. పొయ్యి మీద పప్పు అడుగంటిన వాసన వచ్చాక గానీ ఈ లోకంలోకి రాలేదు.

అమ్మ పల్లెటూరి నుంచి కోడలిగా వచ్చి పదేళ్ళు దాటింది. టాకీసు మా ఇంటికి పావుగంట నడక. ఈ పదేళ్ళలో ఆమె ఒక్క సినిమా చూడలేదు. మా గల్లీలో ఒక కట్టుబాటు ఉండేది. ఏ సినిమా వచ్చినా ముందు ఒక పెద్దమనిషి పోయి చూసి రావాలి. అది ఇంటోళ్ళు చూడదగిందో కాదో ఆయన తేల్చాలి. ఇంటోళ్ళు అంటే ఆడవాళ్ళని అర్థం. ఆ పెద్దమనిషి మా నాయనను కన్న తండ్రి, మా తాత. ఆయన శ్రద్ధగా ప్రతి సినిమాకూ పోయేవాడు, శ్రద్ధగా చూసేవాడు, ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని "వద్దు" అనేవాడు. ఒకదాంట్లో కొడుకు తండ్రికి ఎదురు మాట్లాడాడట, వద్దు. ఇంకోదాంట్లో కోడలు అత్త ముందు పాట పాడిందట, వద్దు. దేవుడి సినిమా అయితే కాదనడని అందరూ ఆశపడ్డారు. దాంట్లో అప్సరసలు ఉన్నారట, అసలే వద్దు. తాత చూడని సినిమా లేదు, అమ్మ చూసిన సినిమా లేదు. ఇన్నేళ్ళ తర్వాత తలచుకున్నా నాకు మండుతుంది.

తాత చెడ్డవాడని కాదు. జంపఖానాలు నేయడంలో గల్లీలో ఆయన తర్వాతే ఎవరైనా. ఆయన పనితనమంతా అనుమానంలో ఉండేది. నూలుకు రంగు వేసే ముందు, ఎంత తొందరున్నా, ఒక చిన్న లడిని విడదీసి రంగులో ముంచేవాడు. ఆరాక దాన్ని తడి తెల్లబట్టకేసి రుద్ది, బట్టకు రంగు అంటకపోతేనే మిగతా నూలును గాబులో వేసేవాడు. రెండో ప్రపంచ యుద్ధం రోజులు, నూలు దొరకడమే గగనం. దాంతో ఆ అనుమానం ఇంకా ముదిరింది. సినిమాను కూడా అట్లాగే చూసేవాడు.

కత్తుల సినిమా సంగతి అట్లా "వద్దు"తో తెగిపోలేదు. ఊరంతా దాని మాటే. హనుమకొండలో చుట్టాలను చూసి వచ్చిన పక్కింటి ముస్లిం పిన్ని, నేను ఖాలా అని పిలిచే ఆమె, ఆ కబురును మోసుకొచ్చింది. మాకూ వాళ్ళకూ నడుమ ఒక్కటే గోడ. గోడలో ఒక కంత. వాళ్ళవీ జంపఖానాల మగ్గాలే. ఖాలా గొంతు కంతలో నుంచి ముందు వచ్చేది, మనిషి తర్వాత వచ్చేది.

"సెల్లే, ఇన్నవా! ఎన్కటి రాజుల కథనట. మెట్ల మీద ఒక్కడు ఆరుగురితోని కొట్లాడుతడట. గుర్రం కందకం మీదికెల్లి దునుకుతదట. రాజు బిడ్డ గూడ కత్తి పడ్తదట!"

"ఆడిపిల్లనా?" అమ్మ చేతిలో రాట్నం ఆగిపోయింది.

"ఆడిపిల్లనే! అటు మూతికి గుడ్డ కట్టుకొని, ఇటు గుర్రమెక్కి!"

ఇంకో కబురు కూడా వచ్చింది. జనానాలో, అంటే టాకీసులో పర్దా కట్టి ఆడవాళ్ళను కూర్చోబెట్టే చోట, ఎవరో పిల్ల భయపడి ఏడ్చి ఏడ్చి జ్వరం తెచ్చుకుందట. ఆ మాట తాత చెవిన పడింది. సినిమా చూడకుండానే ఆయన నోరు "వ" అనబోతుంటే, ఖాలా తల మీద కొంగు సవరించుకుని ముందుకొచ్చింది.

"మామా, నీకా భయం గాదు, ఏడుపు రాదు. నువ్వు సూసొచ్చి మాకు సూడరాదంటే ఎట్ల? జర మా తీరు మనిషిని ఎవలనన్న పంపు."

తాత గడ్డం గోక్కున్నాడు. తర్వాత ఆయన చూపు మెల్లగా తిరిగి నా మీద ఆగింది.

"లడి ముంచి సూద్దాం," అన్నాడు. "ఈ పిల్లను తోలుకపోత. దీనికి భయంగాకపోతే ఇగ ఎవ్వలికి గాదు. ఇది గిన ఏడ్చిందనుకో, ముచ్చట ఒడ్సిపోయినట్టే."

అంటే గల్లీలోని పదకొండు ఇళ్ళ ఆడవాళ్ళ సినిమా నా కళ్ళనీళ్ళ మీద ఆధారపడింది. మిగతా పది ఇళ్ళ సంగతి నాకు పట్టలేదు. తలుపు చాటు నుంచి అమ్మ నన్ను చూస్తోంది. ఆమె మామతో నేరుగా మాట్లాడేది కాదు. ఏం చెప్పాలన్నా నాతో చెప్పేది, నేను తాతతో చెప్పేదాన్ని. ఎదురుగా ఉన్నా సరే. ఆ కళ్ళు మాత్రం ఆ రోజు నాతోనే మాట్లాడాయి. నువ్వు ఏడవొద్దు బిడ్డా, అన్నాయి.

ఆటకు రెండు రోజులు గడువు. ఆ రెండు రోజులూ నాకు తాలీమే. తాత రంగులు తేవడానికి బజారుకు పోగానే కంతలో నుంచి ఖాలా దిగేది, చేతిలో రొట్టెల పెనం, ఇంకో చేతిలో గరిటె. అమ్మ కొంగు నడుముకు బిగించి, మూలనున్న వెదురు కర్ర అందుకునేది. నన్ను పీట మీద కూర్చోబెట్టి నా కళ్ళ ముందే ఇద్దరూ కొట్టుకునేవాళ్ళు.

"రెప్ప కొట్టకు!" అమ్మ కర్రను నా ముక్కు దాకా తెచ్చి ఆపేది.

"యా!" అని ఖాలా గరిటెతో పెనం మీద బాదేది.

నేను కెవ్వుమనేదాన్ని. మళ్ళీ మొదటి నుంచి. మూడోసారికి కెవ్వుమనడం తగ్గింది. ఇంకో రెండు సార్లకు రెప్ప కొట్టడం తగ్గింది. వాళ్ళిద్దరికి మాత్రం నా సంగతి మర్చిపోయేంత హుషారు వచ్చేసింది. అమ్మ పెరటి గోడ దాకా ఖాలాను తరిమింది. చెమటలు కారుతూ, జుట్టు ఊడిపోయి, పడీ పడీ నవ్వుతున్న అమ్మను నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు. ఆమె ఈ సినిమా చూసి తీరాలని నాకు అప్పుడు గట్టిగా అనిపించింది. నా ప్రాణం పోయినా సరే అనుకున్నాను.

పోయే రోజు అమ్మ నా తల దువ్వుతూ చివరి మాటలు చెప్పింది. "ఏడుపొస్తే కాలి బొటనేలును నేలకేసి ఒత్తు. భయమైతే ఎక్కాలు సదువుకో, మనసుల. తాత చెయ్యి పట్టకు. ఎంతైనా సరే మొఖం కదలనియ్యకు."

మధ్యాహ్నం ఆట. మగవాళ్ళ బెంచీల్లో తాత పక్కన కూర్చున్నాను. దీపాలు ఆరిపోయాయి. ముందు యుద్ధం వార్తల రీలు, తర్వాత సినిమా. తెర మీద కోట తలుపులు తెరుచుకుంటుంటే బాజాలు మోగాయి. నా ఒళ్ళంతా గగుర్పొడిచింది. పక్కకు చూశాను. తాత తెర వైపు లేడు. బెంచీ మీద పూర్తిగా నా వైపు తిరిగి, జానెడు దూరంలో ముఖం పెట్టి, నన్నే చూస్తున్నాడు. చుట్ట వాసన నా చెంపకు తగులుతోంది.

వెనక నుంచి ఎవరో అన్నారు. "ఓ పెద్దమనిషీ, తెర అటున్నది."

"నాకెర్కే," అన్నాడు తాత. "నా పని నేను జేస్తాన."

పనిలో కూర్చుంటే తాత తల తిప్పే మనిషి కాదు.

మొదటి కత్తి ఒర నుంచి బయటకు వచ్చింది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. నేను బొటనవేలు నేలకు ఒత్తాను. మంత్రి మనుషులు సేనాపతిని చుట్టుముట్టి పొడిచారు. ఒత్తాను. ఆయన భార్యను నేలమాళిగలో పడేశారు. కొడుకు పెద్దవాడై మూతికి గుడ్డ కట్టుకుని గుర్రమెక్కాడు. అప్పుడు భయం కాదు, ఎగిరి గంతేయాలనిపించింది. టాకీసంతా ఈలలు. జనాలు బెంచీలెక్కి అరుస్తున్నారు. అదీ వీల్లేదు. ముఖం కదలకూడదు. గంతేస్తే ఏం తేలుస్తాడో తెలియదు కదా! నవ్వొస్తే దవడలు బిగించాను. మెట్ల మీద కత్తుల యుద్ధం మొదలయ్యేసరికి బొటనవేలుకు స్పర్శ పోయింది. ఇక ఎక్కాలే దిక్కు. చూపును తెర మీద నుంచి ఎత్తి, దాని పైన కట్టిన నల్ల అంచు మీద పెట్టాను. పదమూడొకట్ల పదమూడు, పదమూడు రెండ్ల ఇరవై ఆరు. నేలమాళిగలో తల్లి ఆఖరి ఊపిరి మీద కొడుకును పిలుస్తోంది. వెనక మగవాళ్ళు కూడా ముక్కులు చీదుతున్నారు. పదమూడేడ్ల తొంభై ఒకటి. పర్దా అవతల జనానాలో నుంచి ఏడుపులు. పదమూడెనిమిదుల నూట నాలుగు. నేను బొమ్మలా కూర్చున్నాను.

దీపాలు వెలిగాక తాత లేచి కండువా దులిపాడు. నేను గెలిచాననుకున్నాను. ఇంటి దాకా కాళ్ళు నేల మీద ఆనలేదు.

పొద్దు వాలకముందే గల్లీ ఆడవాళ్ళందరికీ గడపల్లోనే పని దొరికింది. ఒకామె చేటలో ఏమీ లేకుండానే చెరుగుతోంది. తాత అరుగు మీద కూర్చున్నాడు. అమ్మ తలుపు చాటున ఉంది, నేను ఆమె కొంగు పట్టుకుని ఉన్నాను.

"ఇది ఇంటోళ్ళు సూసే సినిమా గాదు," అన్నాడు తాత.

చేట ఆగిపోయింది.

"ఎందుకు మామా?" ఖాలా గట్టిగానే అడిగింది. "పిల్ల ఏడ్సిందా?"

"ఏడ్వలే."

"భయపడ్డదా?"

"భయపడలే, నవ్వలే, రెప్ప కొట్టలే. గదే నా బాధ. అంతమంది కత్తులతోని పొడుసుకుంటాంటే, ఆ తల్లి సచ్చే కాడ మొగోళ్ళే ఏడుస్తాంటే, ఇది రాయి లెక్క కూసున్నది. ముంచిన లడికి రంగే పట్టలే. గట్ల నా జన్మల సూడలే. మూడు గంటలల్ల ఈ పిల్ల మనసునే గింత గట్టిగ జేసిందంటే, ఆ సినిమా ఇండ్లల్లకు వస్తే ఏంగావాలె?"

భయమైందని చెప్పబోయాను. చెబితే మాత్రం? భయమైతే వద్దనే కదా మొదటి మాట. ఏడిస్తే వద్దు, ఏడవకపోయినా వద్దు. ఎటు తిరిగినా వద్దే. నేను చేసిన తాలీమంతా అమ్మకే అడ్డం తిరిగింది. ఆ క్షణంలో తాత మీద వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. పంజా అందుకుని, అదే నేతలో దారాన్ని దిగగొట్టే ఆ ఇనుప దువ్వెన, ఆయన మగ్గం మీది పనంతా పీకేయాలనిపించింది.

నా చేతిలోని కొంగు జారింది. అమ్మ గడప దాటింది. తల మీద ముసుగు ముక్కు దాకా దించుకుంది, కానీ గడప దాటింది. నా వైపు చూడలేదు. నాతో ఏమీ చెప్పలేదు.

"మామా," అంది. "మీరు సినిమా సూసిండ్రా, బిడ్డ మొఖం సూసిండ్రా?"

పదేళ్ళలో ఆమె ఆయనతో నేరుగా అన్న మొదటి మాట అది. తాత ఒకసారి నా వైపు చూశాడు, ఒకసారి నేల వైపు. లేచి కండువా భుజాన వేసుకుని లోపలికి పోయాడు. ఖాలా వచ్చి అమ్మ భుజం పట్టుకుంది.

మర్నాడు పొద్దున్నుంచి తాత పంజాతో దారాన్ని ఎంత కసిగా కొట్టాడంటే గోడ మీది సున్నం రాలింది. అన్నం వేళకు లేచాడు. స్నానం చేశాడు. తెల్ల అంగీ వేసుకున్నాడు. ఎవరితోనూ ఏమీ చెప్పకుండా టాకీసు వైపు నడిచాడు. అరగంటలో ఆ కబురు గల్లీ చివరి ఇంటి దాకా పోయింది. సినిమా ఇంకా ఒక్కరోజే ఉంది. ఆ మధ్యాహ్నం మా ఇంట్లో జొన్నరొట్టెలు నాలుగు మాడిపోయాయి. ఎవరూ ఎవరినీ అనలేదు.

ఆయన తిరిగి వచ్చేటప్పటి నడక దూరం నుంచే తేడాగా ఉంది. వచ్చి అరుగు మీద కూలబడ్డాడు. కళ్ళు మందారాల్లా ఉన్నాయి. చెంబెడు నీళ్ళు గటగటా తాగాడు. అమ్మ నన్ను వెనక నుంచి పొడిచింది.

"తాతా, ఎట్లున్నది?"

"ఆ పోరడు..." అన్నాడు. "మెట్ల మీద... ఒక్కడు బిడ్డా, ఒక్కడే! అటు ముగ్గురు, ఇటు ముగ్గురు!" చెయ్యి దానంతటదే లేచి గాలిలో తిరిగింది. చెంబు ఎగిరి గల్లీలో పడింది. కండువాతో ముఖం మొత్తం తుడుచుకున్నాడు. అది అప్పటికే తడిసి ఉంది.

"పొమ్మను," అన్నాడు. "రేపు అందరిని పొమ్మను. పెద్ద కొంగు చీర కట్టుకపొమ్మని చెప్పు మీ అమ్మకు. తుడుసుకునుడు మస్తుంటది."

గల్లీలో లేచిన కేకలకు కుక్కలు మొరిగాయి. ఖాలా కంతలో నుంచి రావడం కూడా మర్చిపోయి గోడే ఎక్కింది. అమ్మ మాత్రం పొయ్యి దగ్గర కూర్చుని మోకాళ్ళ మీద తల పెట్టుకుని నవ్వుతోంది, ఏడుస్తోంది. నేనూ గంతులేశాను, తాత తర్వాతి మాట వినేదాకా.

"పిల్లెందుకు? పిల్ల సూసింది గద. మల్ల సూపిస్తే ఇంకింత గట్టిపడ్తది. ఇంటికాడ ఉంటది."

అమ్మ ఏదో అనబోయింది. నేనే ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను. అయిన పని మళ్ళీ చెడిపోతుందేమోనని భయం. అది ఎక్కాలకు కూడా లొంగని భయం.

పదకొండుమంది ఆడవాళ్ళు జట్కాల్లో ఇరుక్కుని పోయారు. అమ్మ తన పెళ్ళినాటి చీర కట్టుకుంది. బండి మలుపు తిరిగేదాకా వెనక్కి తిరిగి నన్నే చూసింది. నేను చెయ్యి ఊపాను, లోపలికొచ్చి రాట్నాన్ని ఒక తన్ను తన్నాను. ఆ తర్వాత మూడు గంటలు నూలు కండెలు చుట్టాను. తాత మగ్గం మీద ఉన్నాడు, నడుమ నడుమ మెట్ల యుద్ధం గుర్తొచ్చి కాబోలు, పంజా పట్టుకున్న చెయ్యి గాలిలోనే ఆగిపోయేది.

సాయంత్రం వాళ్ళు రావడం కనిపించడం కంటే ముందు వినిపించింది. ఖాలా గొడుగుతో ఎవరినో పొడుస్తోంది. అమ్మ ఆ గుంపులో నుంచి విడిపోయి నేరుగా వచ్చి అరుగు మీద నా పక్కన కూర్చుంది. ముఖం ఉబ్బి ఉంది. ఎంత అందంగా ఉందో చెప్పలేను.

"ఆ తల్లి సచ్చిపోయేకాడ ఏడ్సినవా అమ్మా?" అని అడిగాను.

"సచ్చుడేంది బిడ్డా? ఆమె సావదు గదా! కొడుకు తలుపు పలగ్గొట్టి ఎత్తుకొస్తడు. ఎండల నిలవెడ్తడు. ఆమె కండ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుంటది. గంత మంచి కాడ... నువ్వు సూడలేదా?"

నేను చూడలేదు. నాకు తెలియనే తెలియదు. రెండు రోజులుగా ఆమె చచ్చిపోయిందనే అనుకుంటున్నాను.

"మరి ఏం సూసినవు?"

"తెర మీది నల్ల అంచు," అన్నాను. "పదమూడో ఎక్కం."

అమ్మ నా ముఖాన్ని తన వైపు తిప్పుకుంది. "నేను జెప్పిన తీర్గనే ఉన్నవా, మూడు గంటలు?"

తల ఊపాను. ఆమె నన్ను లాగి ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. ఒళ్ళో పట్టే వయసు కాదు, కాళ్ళు నేల మీద ఉన్నాయి.

"మొదటికెల్లి చెప్త," అంది. "ఈసారి భయమైతే భయపడు. ఏడుపొస్తే ఏడువు."

కోట తలుపులు తెరిచింది. బాజాలు నోటితోనే మోగించింది. మొదటి కత్తి ఒర నుంచి ఇంకా పూర్తిగా రానేలేదు, నేను గట్టిగా కళ్ళు మూసుకుని ఆమె మెడ పట్టుకుని కెవ్వున అరిచాను. లోపల మగ్గం ఆగింది.

"ఏమైంది?" అని తాత కేకేశాడు.

"ఏం లేదు మామా," అంది అమ్మ. "పిల్ల సినిమా సూస్తాంది."